గోంగూర మడిలో ఎన్.జి. ముక్కలు

సినిమా రంగంలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశానంటే ఇప్పటి పిల్లలు వెంటనే అడిగేది, ఏ హీరోతో ఫోటో దిగారు అని. ఎవరితోనూ దిగలేదు నాయనా. నేను పనిచేసింది మద్రాసు లాబొరేటరీల వెనక గదుల్లో. ఎడిటర్ గారు ఫిల్ము మీద పెన్సిలుతో గీత పెడితే, ఆ గీత మీద కత్తిరించి ఈ ముక్కకీ ఆ ముక్కకీ జిగురు రాసి అతికించేవాణ్ణి. తెర మీద నా పేరు పడే సమయానికి జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూ ఉండేవారు. సీట్లు దొరికేసరికి పేరు వెళ్లిపోయేది.

ఆ గదుల్లో మా గురువుగారు నాకు నేర్పిన మొదటి పాఠం ఒకటుంది. "లెన్సులోకి చూశాడా, కత్తిరించు. సాక్షాత్తూ వెంకటేశ్వరస్వామి చూసినా సరే, కత్తిరించు." షూటింగ్ చూడ్డానికి వచ్చిన జనంలో ఒకడు కెమెరాలోకి తొంగిచూస్తాడు. వెనక నడిచే జూనియర్ ఆర్టిస్టు ఒక్క క్షణం ఇటు తిరుగుతాడు. ఆ ముక్కలన్నీ ఎన్.జి., అంటే పనికిరానివి. సాయంత్రానికి నా కాళ్ల దగ్గర గోనెసంచి నిండేది. ముప్ఫై ఏళ్లలో అలా ఎంతమంది మొహాలను చెత్తలో పోశానో లెక్క లేదు. ఆ పనిలో నాకు మంచి పేరుండేది కూడాను.

కంప్యూటర్లు వచ్చి కత్తెరలు పోయాక, యాభై దాటిన వయసులో మస్కట్ చేరాను. రెండు వేల ఎనిమిదో తొమ్మిదో. అల్ హైల్‌లో ఒక వీడియో కంపెనీ ఉండేది. పెళ్లిళ్లు, షోరూముల ప్రారంభోత్సవాలు, సిమెంటు ఫ్యాక్టరీల ప్రగతి చిత్రాలు తీసేవారు. ఒక పెద్ద ఉత్సవం కోసం పాతకాలపు ఫిల్ము ఒకటి బాగుచేసి, దానికి కొత్త భాగం జతచేసే కాంట్రాక్టు వాళ్లకు వచ్చింది. అసలు ఫిల్మును చేత్తో ముట్టుకోవడం తెలిసినవాడు ఆఫీసులో ఒక్కడూ లేడు. అలా నాలాంటి శిథిలానికి గల్ఫ్ వీసా దొరికింది. హమ్రియాలో రూమ్, అల్ హైల్‌లో డ్యూటీ, పొద్దున్నే కంపెనీ వ్యానులో ప్రయాణం.

ఆ వ్యాను నడిపేవాడు కడప భాయ్. డ్రైవరుగా వచ్చాడు కానీ లైట్లు మోసేది, కేబుళ్లు చుట్టేది, అరబ్బీ మాట్లాడాల్సిన చోట మాట్లాడేది, చాయ్ చేసేది అన్నీ అతనే. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో అచ్చమైన సీమ తెలుగు. మబేలాలో లేబర్ రూముల వెనక మూడు గజాల మట్టి దొరికితే అందులో గోంగూర, బీరపాదు వేశాడు. ఆ ఎండలో, ఆ ఉప్పునీళ్లలో గోంగూర మొలిపించినవాడికి ఎన్ని బిరుదులిచ్చినా తక్కువే. శుక్రవారం శుక్రవారం నాకో కట్ట తెచ్చేవాడు.

మా పైన ప్రొడ్యూసర్ అని ఒకాయన ఉండేవాడు. బొంబాయి మనిషి. ఏదో ఫిల్ము స్కూల్లో చదివాడట, ఎక్కడన్నది ఎప్పుడూ చెప్పలేదు. రోజుకు పదిసార్లు "అథెంటిక్" అనేవాడు. చాయ్ కూడా అథెంటిక్‌గా ఉండాలి. మనిషి చెడ్డవాడు కాదు. తనకు తెలియనిది ప్రపంచంలో ఉండే అవకాశం లేదని నమ్మేవాడు, అంతే.

ఇక పాత ఫిల్ము సంగతి. యాభైల తొలినాళ్లలో విదేశీయుల బృందమొకటి సీబ్ దాటాక ఉన్న తీరపు పల్లెకు వచ్చి, అక్కడి జాలర్ల జీవితం మీద తీసిన డాక్యుమెంటరీ అది. నలుపు తెలుపు, పదహారు మిల్లీమీటర్లు. మూడు రేకు డబ్బాలు వచ్చాయి. రెండింటిలో పూర్తయిన చిత్రం. ఖర్జూరపు మట్టలను తాళ్లతో కట్టి చేసిన షాషా అనే చిన్న పడవలు, ఒడ్డు నుంచి లాగే పొడవాటి వల, ఇసుక మీద ఎండబెట్టిన కవళ్ల చేపలు. పైన ఇంగ్లీషులో గంభీరమైన గొంతు. ఈ అమాయక జనానికి కాలం అంటే తెలియదనీ, సముద్రమే వీళ్ల తల్లీ తండ్రీ అనీ ఆ గొంతు ఇరవై నిమిషాల పాటు జాలిపడింది. కాలం తెలియనివాళ్లు పోటు ఎప్పుడో పాటు ఎప్పుడో చూసుకోకుండా వల ఎలా వేస్తారని ఆయనకు అనుమానం రాలేదు.

మూడో డబ్బా మూత తీయగానే గదంతా పులిసిన వెనిగర్ కంపు. పాత ఫిల్ము చెడిపోతుంటే ఆ వాసనే వస్తుంది. ప్రొడ్యూసర్ ముక్కు మూసుకుని, "యే క్యా హై?" అన్నాడు. లోపల చుట్టలు చుట్టలుగా చిన్న చిన్న ముక్కలు. రెండు ముక్కలు తీసి లైటుకు ఎదురుగా పట్టుకున్నాను. తాడు లాగుతున్న మనిషి ఒకడు ఇటు తిరిగి లెన్సులోకి చూస్తున్నాడు. రెండోదాంట్లో ఇంకొకడు. ఇక చూడక్కర్లేదు. కత్తిరించి పారేసిన మొహాలు. యాభై ఏళ్ల కిందట నాలాంటివాడే ఎవడో చేసిన పని.

"ఎన్.జి. సార్," అన్నాను ధీమాగా. "భాయ్, ఇవి బయట పారెయ్."

ముప్ఫై ఏళ్ల అనుభవం అర నిమిషంలో పనికొచ్చిందని ఆ రోజు నాకు భలే తృప్తిగా ఉండింది.

కొత్త భాగం కోసం ప్రొడ్యూసర్‌కి అథెంటిక్ జాలరి కావలసి వచ్చాడు. ఆ పల్లె నుంచి భాయ్ ఒకాయన్ను వెతికి తెచ్చాడు. అరవైకి దగ్గర పడుతున్న మనిషి, మంచి ఒడ్డూ పొడుగూ. ఫైబర్ పడవ, దానికి పెద్ద ఇంజిను, జేబులో రెండు మొబైళ్లు. కుర్రతనంలో సరుకు పడవల్లో బొంబాయి వెళ్లివచ్చాడు గనక హిందీ బాగా మాట్లాడేవాడు. ఆయన్ను అందరం బాబా అనేవాళ్లం.

మా ప్రొడ్యూసర్ ఆయన చేత వాచీ తీయించి, మొబైళ్లు నా చేతికిప్పించి, ఎక్కడినుంచో అరువు తెచ్చిన షాషాలో కూర్చోబెట్టాడు. బాబా జీవితంలో మొదటిసారి షాషా ఎక్కింది ఆ రోజేనట. "మాకు ఎప్పుడూ చెక్క పడవే," అన్నాడు పాపం. ఇసుకలో ఆయన ఆ పడవతో కుస్తీ పడుతుంటే మావాడు గొడుగు కింద నుంచి అరిచాడు. "కెమెరా మత్ దేఖో బాబా! నేచురల్! నేచురల్!"

షూటింగ్ అయ్యాక మొబైళ్లు తిరిగి తీసుకుంటూ బాబా నన్ను పక్కకు పిలిచాడు.

"పాత సినిమా మీ దగ్గరుందట గదా. మా నాన్న అందులో ఉన్నాడు."

"అలాగా! చాలా సంతోషం బాబా. ఎవరో చెప్పండి, చూపిస్తాను."

"అది నువ్వే చెప్పాలి," అన్నాడు. "నేను ఆయన్ను చూడలేదు."

వాళ్లు ఆ సినిమా తీసినప్పుడు బాబా ఇంకా పాలు తాగే పిల్లాడు. మరుసటి సీజన్లో తండ్రి వెళ్లిన పడవ తిరిగి రాలేదు. ఆ రోజుల్లో ఆ పల్లెలో ఎవరింట్లోనూ ఫోటో అన్నది లేదు. తల్లి పోయింది, తండ్రితో వల లాగినవాళ్లంతా పోయారు. ఆయన మొహం తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే మిగిలింది, బాబా అక్క. అప్పుడావిడకు తొమ్మిదేళ్లు. ఇప్పుడు షుగరు వల్ల ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి ఆదివారం ఆపరేషన్. చూపు ఉంటుందో పోతుందో డాక్టరు మాట ఇవ్వలేదు.

"ఆదివారం లోపల అక్క ఒక్కసారి వేలు పెట్టి చూపిస్తే చాలు," అన్నాడు బాబా. "ఇదిగో ఈయనేరా మన నాన్న అని."

ఇదేముంది, ఇరవై నిమిషాల పని అనుకున్నాను. గురువారం రమ్మన్నాను.

గురువారం మధ్యాహ్నం, ప్రొడ్యూసర్ భోజనానికి వెళ్లిన వేళ చూసి, అక్కాతమ్ముళ్లు వచ్చారు. ఆవిడ మొహానికి ఆ తీరపు ముసలమ్మలు పెట్టుకునే బుర్ఖా ముసుగు, చేతిలో నాకోసం ఎండు నెత్తళ్ల సంచి. మాది కాకినాడ దగ్గర తీరం. ఎండు నెత్తళ్ల వాసనకు నా ప్రాణం లేచి వచ్చింది. ఆవిడను టీవీకి జానెడు దూరంలో కుర్చీ వేసి కూర్చోబెట్టి సినిమా మొదలుపెట్టాను.

ఆవిడ అరబ్బీలో ఏదో అంటుంటే బాబా హిందీలో చెప్పేవాడు. వల నిండా కవళ్లు గిలగిలలాడే దృశ్యం రాగానే ఆవిడ గట్టిగా నవ్వింది.

"ఆ రోజు ఒక్క చేప పడలేదట," అన్నాడు బాబా. "పక్క ఊరి నుంచి గాడిదల మీద తెప్పించి వలలో పోశారట. నాలుగుసార్లు వేయించి నాలుగుసార్లు లాగించారట. మగవాళ్లంతా తిట్టుకుంటూ లాగారని అంటోంది."

అదీ అథెంటిక్ అంటే. మా ప్రొడ్యూసర్‌ది తాతలనాటి విద్యేనని అప్పుడు అర్థమైంది.

నవ్వు అక్కడితో ఆగిపోయింది. మనుషులు వస్తున్నారు, పోతున్నారు. వీపులు, భుజాలు, తాడు పట్టుకున్న చేతులు, ఇసుకలో కాళ్లు. పద్నాలుగు మంది వరసగా వల లాగుతుంటే పద్నాలుగు వీపులు. దూరంగా ఉన్నప్పుడు మొహాలు ఆవగింజంత. దగ్గరికొస్తే అందరి తలా కిందికే. ఆవిడ ముందుకు వంగి వంగి, ముక్కు టీవీకి ఆనించినంత పని చేసింది. సినిమా అయిపోయింది. మళ్లీ వేయమంది. వేశాను. మూడోసారి అడగలేదు.

"అందరూ ఒకేలాగ తలగుడ్డ కట్టుకున్నారు," అందట. "వీపు చూసి చెప్పడానికి నేను భార్యను కాదు, కూతుర్ని." తర్వాత కాసేపటికి ఇంకో మాట. "ఆ తెల్లవాళ్లు ఎప్పుడూ అరుస్తూనే ఉండేవారు, ఇటు చూడకండి, ఇటు చూడకండి అని. అయినా మా వాళ్లు చూసేవారు. మా నాన్నయితే ప్రతిసారీ చూసేవాడు."

బాబా ఆ మాట హిందీలోకి మారుస్తుండగానే నేను తలుపు వైపు నడిచాను. ప్రతిసారీ చూసేవాడు. చూసిన ప్రతిసారీ ఎవడో కత్తిరించాడు. కత్తిరించినవన్నీ మూడో డబ్బాలో దాచాడు. దాచినవాటిని నేను పారేయించాను.

వంటగదిలో చాయ్ పెడుతున్న భాయ్ దగ్గరికి పరిగెత్తాను.

"భాయ్, ఆ కంపు డబ్బా ఏం చేశావు?"

"డబ్బా రూములో ఉండాదన్నా, ఉల్లిగడ్డలు పెట్టుకున్యా."

"అందులో ముక్కలు?"

భాయ్ నా మొహం చూసి స్టవ్ ఆపాడు. "పారేయమంటివి గదన్నా. ఊరికే పారేసేదేలని... గోంగూర మడికి కట్టినా. పిచ్చుకలు మొలకలన్నీ తినేస్తాండాయి. మా ఊర్లో శెనగ చేలకు క్యాసెట్ల టేపు కడ్తాం గదా, అట్లా. గాలికి తళతళమంటాంటే ఒక్క పిట్ట వాల్తే ఒట్టు."

అతణ్ణి కొట్టాలో కాళ్లు మొక్కాలో తెలియలేదు. చెత్తబుట్టలో వేసి ఉంటే మునిసిపాలిటీ లారీ పది రోజుల కిందటే ఎత్తుకుపోయేది. నేను చెప్పినట్టు చేసి ఉంటే అన్నీ పోయేవే. నా మాట వినని మనిషి వల్ల నా పరువు నిలబడే అవకాశం మిగిలింది.

అక్కాతమ్ముళ్లకు చాయ్ ఇచ్చి, గంటలో వస్తామని చెప్పి మబేలా వెళ్లాం. ఎండ నిలువునా కాస్తోంది. గోంగూర మడి మీద పుల్లల మధ్య తాళ్లు, తాళ్లకు వేలాడుతూ పదహారు మిల్లీమీటర్ల మత్స్యకార జీవితం. మూరెడు ముక్క అంటే తెర మీద రెండున్నర సెకన్లు. వాటిమీద పిట్టలు వాలలేదన్న భాయ్ మాట మాత్రం నిజం కాదు, రెట్టలే సాక్ష్యం. కొన్ని ముక్కలు ఎండకు మురుకుల్లా చుట్టుకుపోయాయి. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ విప్పాం. ఇరవై రెండు దొరికాయి. కొన్ని గాలికి పోయాయని భాయ్ నేల చూపులు చూశాడు.

స్టూడియోకు తెచ్చి స్పిరిటుతో తుడిచాను. కుంచించుకుపోయిన ఫిల్ము ప్రొజెక్టరులో నడవదు, పళ్ల చక్రానికి పట్టుకుంటే ముక్కలైపోతుంది. కింద ట్యూబ్‌లైట్ వెలిగే గాజుబల్ల మీద ఒక్కో ముక్కా పరిచి, పైన వీడియో కెమెరా పెట్టి, ఒక్కో బొమ్మా టీవీ మీద పెద్దది చేశాను. పాజిటివ్ ముక్కలే కావడంతో మొహాలు మొహాల్లా కనిపించాయి.

మొదటి మొహం రాగానే ఆవిడ చప్పట్లు కొట్టింది. ఎవరో మేనమామట. రెండోవాడు ఊళ్లో అందరికంటే సోమరి. మూడోవాడు రెండు పెళ్లిళ్లు చేసుకుని రెండిళ్లలోనూ తన్నులు తిన్నాడు. యాభై ఏళ్ల కిందట పోయిన ఊరంతా ఒక్కొక్కరే వచ్చి టీవీలోంచి మా వైపు చూస్తున్నారు. కొందరు నవ్వుతున్నారు, ఒకడు నాలుక బయటపెట్టాడు, ఒకడు కోపంగా ఏదో అంటున్నాడు. ఇరవై నిమిషాల అసలు సినిమాలో ఇంత మనిషి వాసన లేదు. ఆ మొహాలను కత్తిరించినవాడి మీద నాకు కోపం వచ్చింది. అంతలోనే ఆ స్థానంలో నేనుంటే వాడికంటే శుభ్రంగా కత్తిరించేవాణ్ణని గుర్తొచ్చి, ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇరవై రెండూ అయిపోయాయి. ఆవిడ ప్రతి ఒక్కరినీ గుర్తుపట్టింది. తండ్రి లేడు.

"పరవాలేదు," అన్నాడు బాబా. లేచి నిలబడి నా భుజం తట్టాడు. "నువ్వు చాలా కష్టపడ్డావు." ఇలాంటప్పుడు తిట్టేవాళ్లు ఎంత మేలో. ఆవిడ మాత్రం లేవలేదు. ఇంకా ఏమైనా ఉన్నాయా అన్నట్టు ఆరిపోయిన టీవీ వంకే చూస్తోంది.

వాకిట్లో నిలబడ్డ భాయ్ ఉన్నట్టుండి నెత్తి కొట్టుకున్నాడు. "అన్నా! బీరతీగ! పందిరి గుంజకు తీగ కట్టేదానికి తాడు లేకపోతే ఒక ముక్క... ఆగండి, వస్తాండా." మాట పూర్తికాక ముందే వ్యాను స్టార్టయిన చప్పుడు వినిపించింది.

అల్ హైల్ నుంచి మబేలాకు వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందో ఆ రోజు నాకు బాగా తెలిసింది. ఆవిడ తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది. నేను తుడిచిన ముక్కల్నే మళ్లీ తుడిచాను. భాయ్ వచ్చేసరికి చేతిలో చిన్న బీరాకు, దాని వెంట ముడిపడ్డ ఫిల్ము. గట్టి సీమ ముడి. కోసేద్దామని కత్తెర తీశాడు.

"కత్తెర ముట్టుకోకు!" అని అరిచాను. ఆ మాట నా నోట్లోంచి రావడం నాకే వింతగా అనిపించింది. పావుగంట పట్టింది గోళ్లతో ఆ ముడి విప్పడానికి. ముడి పడ్డచోట నాలుగైదు బొమ్మలు నలిగిపోయాయి. మిగతావి ఉన్నాయి.

గాజుబల్ల మీద పరిచాను. తాడు భుజాన వేసుకుని ముందుకు వంగిన మనిషి. తర్వాతి బొమ్మలో తల ఇటు తిరుగుతోంది. తర్వాతిదాంట్లో పూర్తిగా తిరిగాడు. ముప్ఫై కూడా ఉండవు. చెంప మీదుగా మడత గీత పడింది కానీ కళ్లు చెక్కుచెదరలేదు. నవ్వడం లేదు, కోపం లేదు. ఎవరు మీరు, ఇక్కడేం చేస్తున్నారు అని అడుగుతున్నట్టు సూటిగా చూస్తున్నాడు.

ఆవిడ వేలు పెట్టి చూపించలేదు. పక్కకు చెయ్యి చాచి తమ్ముడి పొడుగు డిష్‌డాషా అంగీ అంచు పట్టుకుని లాగింది.

బాబా మోకాళ్ల మీద రెండు చేతులూ ఆనించి మెల్లగా లేచాడు. తల మీది టోపీ సర్దుకున్నాడు. చేతులు కిందికి దించి, నిటారుగా, టీవీ ముందు నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే ప్రొడ్యూసర్ భోజనం, ఆ తర్వాత నిద్ర, ఆ తర్వాత ఏదో మీటింగ్ ముగించుకుని తలుపు తీశాడు. గాజుబల్ల మీది ముక్కలు చూశాడు, టీవీ చూశాడు. "యే తో ఎన్.జి. హై, కెమెరాలోకి చూస్తున్నాడు. ఫైనల్‌లో పెట్టొద్దు," అని నాకు చెప్పి, మర్యాద గుర్తొచ్చి బాబా వైపు తిరిగాడు. "అరే బాబా, నిలబడ్డారేం? బైఠియే, బైఠియే."

"నాన్న ముందు ఎలా కూర్చోను?" అన్నాడు బాబా, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ప్రొడ్యూసర్‌కి అర్థమైందో లేదో నాకు తెలియదు. వచ్చినంత చప్పుడు చేయకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు. ఉత్సవంలో వేసిన సినిమాలో ఆ మొహం లేదు, ఆయన అన్నంత పనీ చేశాడు. ఆ గురువారం మాత్రం అక్క ఇక చాలు అనేదాకా బాబా కూర్చోలేదు. నేనూ స్విచ్ మీద చెయ్యి వేయలేదు.